వాగు దాటి వచ్చిన గూళ్ళు

జ్యేష్ఠ శుద్ధ దశమి, ఆదివారం. ఆకు కదలడం లేదు. ఉక్కపోతకి చీమలు కూడా పుట్టల్లోంచి బయటికొచ్చి కూర్చున్నాయి. అనగనగా అని మనం చెప్పుకునే అడవుల్లో తుమ్మల అడవి ఒకటి. ఆ రోజు అక్కడ ఒక ఒప్పందం జరిగింది. కథకి తిథీ వారం ఎందుకని అడక్కండి పిల్లలూ. కొన్ని పనులు ఏ రోజున జరిగాయో గుర్తుపెట్టుకోవాలి. మనం మరిచిపోతే ఆ పని చేసినవాళ్ళకే సుఖం.

ఆ అడవికి రాజు ఒక ఎలుగుబంటి. మంత్రి ఒక కొంగ. ఎలుగుబంటికి ముక్కు చురుకు, చెవి మందం. ఎందుకలా అంటే అదో పెద్ద కథ, ఇప్పుడు వద్దు. వాగుకి అవతల వెదురు అడవి ఉంది. వాగు రేవులో ఏదుపందులు కాపలా కాసేవి. అవతలి నుంచి ఏ సరుకు వచ్చినా ఆపి, చూసి, పంపేవి. వెదురు అడవితో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇక ఆ కాపలా లేదు. ఈ రెండు అడవుల సరుకూ అటూ ఇటూ ఆపకుండా పోవచ్చు.

ఈ సంగతి గిజిగాడు పోగయ్యకి మర్నాడు ఒక కాకి చెబితే తెలిసింది.

గిజిగాళ్ళ పని గూళ్ళు అల్లడం. అడవిలో చిన్న పిట్టలన్నిటికీ వాళ్ళే అల్లిపెట్టేవారు. అదీ పచ్చిగడ్డితోనే. పచ్చిగా అల్లితే ఎండాక ముడి బిగుస్తుంది. సగం గూడు అల్లి కొమ్మకి వేలాడదీసేవారు. పిట్ట వచ్చి ముక్కుతో లాగి చూసేది. నచ్చితే గింజలిచ్చేది, మిగతా సగం పూర్తయ్యేది. నచ్చకపోతే అల్లినవాడే ఆ పూటే గూడు విప్పేసుకోవాలి. వద్దన్న గూడు కొమ్మకి వేలాడితే పరువు తక్కువ. అది వాళ్ళ కట్టుబాటు.

పోగయ్య తనవాళ్ళని వెంటబెట్టుకుని రాజు గుహకి వెళ్ళాడు.

"మమ్మల్ని ఒక్క మాట అడిగారా దొరా?" అన్నాడు.

ఎలుగుబంటి ఆవలించింది. కొంగ ఒంటికాలి మీద నిలబడి, "వెదురు అడవి కూడా మనలాంటి పేద అడవే పోగయ్యా. పేదలకి పేదలే తలుపు తీయకపోతే ఎలా?" అంది.

"తలుపు మాది. తీసింది మీరు. ఈదురుగాలి కొట్టేది మా మొహాన!"

"చదువులేని మాటలు," అంది కొంగ.

కొన్నాళ్ళకే వెదురు అడవి దారిన గూళ్ళు వచ్చాయి. మూటలు మూటలు. ఎండిన అరటినారని బంకతో అతికించినవి. నున్నగా తళతళలాడుతున్నాయి. చవక కూడానూ. పిట్టలు ఎగబడ్డాయి. గిజిగాళ్ళ సగం గూళ్ళని లాగి చూసే పిట్టే లేకుండా పోయింది.

పోగయ్య కొడుకు పుల్లన్న తన గూడు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆగరా!" అని అరిచాడు పోగయ్య. "అది పిట్ట చూసి వద్దన్న గూడు కాదు. చూడకుండానే వద్దనిపించిన గూడు. విప్పావంటే వాళ్ళ పనికి ఒప్పుకున్నట్టే."

"అందరూ విప్పేసుకున్నారు నాన్నా. అడవంతా మనల్ని చూసి నవ్వుతోంది."

"నవ్వనీ. నవ్వితే ముడి ఊడుతుందా?"

పుల్లన్న వినలేదు. పోగయ్య మాత్రం అడిగేవాళ్ళు లేకపోయినా తన గూడు పూర్తిగా అల్లేశాడు. కోడలు రవణమ్మకి గుడ్లు పెట్టే వేళయింది. ఆమె కూడా ఒక నారగూడు తెచ్చుకుంది.

"చవగ్గా వచ్చింది మామయ్యా," అంది తలొంచుకుని.

అల్లేవాళ్ళ ఇంట్లో కొన్న గూడు! పోగయ్యకి ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ గుహకి వెళ్ళాడు. ఈసారి లోపలికే రానివ్వలేదు.

ఆ మంటతోనే వాగు దాటాడు. వెదురు అడవి గిజిగాళ్ళని పొడిచి రావాలనే వెళ్ళాడు. తీరా చూస్తే అక్కడ ఏ కొమ్మకీ అల్లిన గూడు లేదు. ఈనయ్య అనే ముసలి గిజిగాడు ఒక్కడే మోడు మీద కూర్చుని ఉన్నాడు.

"రా బావా, తిట్టడానికేగా? తిట్టు," అన్నాడు ఈనయ్య. "ఆ గూళ్ళు మావనుకున్నావా? సముద్రం ఒడ్డున పెద్దడవి కోతులు చేసినవి. ఒప్పందం మన రెండు అడవులకే కాబట్టి, మీ దగ్గరికి నేరుగా రావడానికి వీల్లేక మా పేరు చెప్పుకుని వస్తున్నాయి. మా పిట్టలకీ వాటినే అంటగట్టాయి. అవి మీరే పంపారని మా కొంగ చెప్పింది. ఇన్నాళ్ళూ మిమ్మల్నే తిట్టుకున్నాం."

"మీకూ కొంగేనా?"

"కొంగ లేని అడవెక్కడుంది బావా!"

ఇద్దరికీ నవ్వు రాలేదు.

రెండు అడవుల గిజిగాళ్ళూ కలిసి గుహ మీదికి వెళ్ళారు. ఇది మూడోసారి. "ఒప్పందం రద్దు చెయ్యండి! రేవులో కాపలా పెట్టండి!" అని ఒకటే అరుపులు.

"బంక తడికి ఆగదు దొరా. కనీసం ఆ మాటైనా పిట్టలకి చెప్పండి," అన్నాడు పోగయ్య.

"వానాకాలం వెళ్ళాక ఆలోచిద్దాం," అంది కొంగ. "అల్లరి చేస్తే మీ తుమ్మకొమ్మలు కొట్టించేస్తాం."

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. బంక కరిగింది. గూళ్ళు ఒకదాని వెనక ఒకటి వాగులో పడ్డాయి. రవణమ్మ గుడ్లతో కొట్టుకుపోతున్న తన గూటి వెంట నీళ్ళ మీదుగా అరుస్తూ ఎగిరింది. పుల్లన్న పచ్చిగడ్డి కోసం ఎగిరాడు. కానీ అల్లడానికి వాన ఆగాలి కదా! ఆగలేదు. అడవి మొత్తానికి వేలాడుతున్నది పోగయ్య గూడొక్కటే. పట్టినన్ని పిట్టల్ని అందులోకి తోసి, తను బయట కొమ్మ మీదే ఉండిపోయాడు.

తెల్లారాక కొంగ వచ్చి, "ఏం చేస్తాం, దైవాధీనం," అంది.

"దేవుడు కాదు. నువ్వు," అన్నాడు పోగయ్య.

ఆ తడుపుకి అతను మళ్ళీ కోలుకోలేదు. వానలు తగ్గకముందే పోయాడు.

పోగయ్య గూడు రవణమ్మకి వచ్చింది. అతని కొమ్మా, అతని పనీ పుల్లన్నకి వచ్చాయి. రేవు కాపలా మాత్రం ఎవరూ ఇవ్వలేదు. రెండు అడవుల గిజిగాళ్ళూ కలిసి తామే తీసుకున్నారు. ఎలుగుబంటి గుహ దాని కొడుక్కి, కొంగ పదవి కొంగ కొడుక్కి పోయాయి. వాగులో కొట్టుకుపోయిన గుడ్లలోని పిల్లలకి ఏమీ రాలేదు.

నీతి: నిన్ను అడక్కుండా నీ బతుకు మీద ఒప్పందం చేసినవాడి మీదే కోపం చూపించు. పొరుగున ఉన్న పేదవాడి మీద కాదు, నీ చేతి పని మీద అసలే కాదు.