సంపూర్ణ గీసిన గీత

సంపూర్ణకు లారీ నడపడం వచ్చేసింది. ఇంకా రాలేదంటున్నది ఒక్క ఉస్తాద్ కాలేషాయే.

ఆయన "చాలు" అన్నాడంటే నేర్చుకోవడం పూర్తయినట్టు. ఆ ఒక్క మాట కోసం నాలుగు నెలలుగా కాచుకుని ఉంది. పోయిన తండ్రి లారీ ఇంటి ముందు ఊరికే పడి ఉంది. ఆడపిల్ల లారీ తోలడమేమిటని బాబాయి దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వాలని చూస్తున్నాడు. ఆ కోపంతో ఆమె మాటలో ఈ మధ్య పొగరు ఎక్కువైంది. ఎక్కువవదూ మరి!

ఆ ఉదయం, మూతబడ్డ పంచదార మిల్లు వెనక ఖాళీ రోడ్డు మీద ఉస్తాద్ ఇటుక ముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు. తన లారీని ఇరవై స్పీడులో తెచ్చి సరిగ్గా అక్కడ బ్రేకు తొక్కమన్నాడు. తొక్కింది. లారీ గీత దాటి ఆరు అంగల దూరంలో ఆగింది.

"నలభైలో వస్తే ఎక్కడ ఆగుతుంది?"

"పన్నెండు అంగల్లో," అంది ఠక్కున. "స్పీడు రెట్టింపైతే దూరం రెట్టింపు. బళ్లో రైలు లెక్కలన్నీ ఇలాగే చేశాను. ఒక్కటీ తప్పలేదు."

"మళ్లీ ఆలోచించు."

"ఆలోచించేదేం లేదు ఉస్తాద్. మీరు బడికి వెళ్లలేదు, నేను వెళ్లాను."

అనకూడని మాటే. అన్నాక ఆమెకూ తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. పన్నెండు అంగలు కొలిచి, తన చేత్తోనే రెండో గీత గీసింది.

ఉస్తాద్ ఆ గీతకు ఒక్క అంగ అవతల, లారీకి వీపు పెట్టి నిలబడి బీడీ ముట్టించాడు.

"పక్కకు జరగండి!"

"నీ లెక్క మీద నీకు నమ్మకం ఉందా?"

"ఉంది."

"అయితే నాకూ ఉంది. రా."

సంపూర్ణకు ఒళ్లు మండింది. భయపెట్టి ఓడిద్దామనుకుంటున్నాడు, చూద్దాం అనుకుంది. లారీని చాలా దూరం వెనక్కి తీసుకెళ్లి, గేర్లు మారుస్తూ వచ్చింది. ముల్లు నలభైకి చేరింది. ఎదురుగా ఉస్తాద్ నెరిసిన తల, వెలిసిపోయిన ఖాకీ చొక్కా. ఆయన వెనక్కి తిరిగి చూడనేలేదు.

మొదటి గీత ఇంకా రాలేదు. ఆమె కాలు బ్రేకు మీద బలంగా పడింది.

టైర్లు కీచుమన్నాయి. లారీ ఉస్తాద్‌కు రెండు అంగల ఇవతల ఆగింది.

లారీ దిగింది. వెనక్కి నడిచింది. టైర్ల మరక మొదలైన చోటి నుంచి లారీ ఆగిన చోటి దాకా కొలుచుకుంటూ వచ్చింది.

"ఎన్ని?" అటు తిరిగే అడిగాడు ఉస్తాద్.

"ఇరవై నాలుగు."

"పన్నెండన్నది ఎవరు?"

"నేనే."

"మరి గీత రాకముందే బ్రేకు తొక్కిందెవరు?"

సంపూర్ణ తను గీసిన గీతను చెప్పుతో రుద్ది చెరిపేసింది. మొదటి గీత నుంచి ఇరవై నాలుగు అంగలు వేసి, గీయబోయి ఆగింది. ఎందుకైనా మంచిదని ఇంకో ఆరు అంగలు ముందుకు వెళ్లి అక్కడ గీసింది.

"దీనికి ఇవతల మిమ్మల్ని కూడా నిలబడనివ్వను," అంది. గొంతులో పొగరు ఇసుమంతైనా తగ్గలేదు.

ఉస్తాద్ బీడీ నేలకేసి ఆర్పాడు.

"చాలు," అన్నాడు.