దండోరాకెక్కిన తుపాకులు

కొండల నడుమ ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. మంచివాడే గాని, తన పేరు పదిమంది నోట వినకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. అందుకే ఒక ఆచారం పెట్టాడు. పశువుల లెక్క తీసినా, పొలాల లెక్క తీసినా సంతరోజున కోట ముందు తప్పెట కొట్టి అందరికీ వినిపించాలి. ఏ లెక్కలోనైనా రాజుగారి ఇంటి వివరమే మొదట చదవాలి.

అడవిపందుల బెడద వల్ల అక్కడ చాలా ఇళ్ళలో నాటు తుపాకులు ఉండేవి. ఒకసారి పెళ్ళి ఊరేగింపులో తుపాకి పేలి పెళ్ళికొడుకు తమ్ముడు చనిపోయాడు. ఆ తుపాకి ఎవరిదో తేలలేదు.

రాజు మండిపడ్డాడు. "ఎవరింట్లో తుపాకి ఉందో, ఎవరింట్లో లేదో రాయించండి. ఒక్క ఇల్లు వదలొద్దు. వచ్చే సంతలో చాటించండి!"

తెలుసుకోవాలనుకోవడం తప్పని నేననను. పోయిన ప్రాణానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

కొలువులో మాటకారి అయిన బుచ్చన్నకు ఆ పని అప్పగించారు. అతను లెక్క రాసుకుంటూ కొండ కింద ఒంటరి ఇంటికి వెళ్ళాడు. అక్కడ సింగారమ్మ అనే ముసలామె ఇద్దరు మనవరాళ్ళతో ఉంటోంది.

"తుపాకి ఉందా, అవ్వా?"

ఆమె తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. "లేదు నాయనా. మా ఆయన పోయాక కరువులో అమ్ముకు తిన్నాం. ఉందనే దొంగలు అనుకుంటున్నారు. అందుకే పక్క పల్లెను దోచారు గాని ఈ గడప తొక్కలేదు. లేదని నువ్వు చాటిస్తే మేం బతుకుతామా?"

"పోనీ, ఉందని రాయనా?"

"అబద్ధం రాస్తే నీ తల పోతుంది. పైగా మగదిక్కు లేని ఇంట్లో తుపాకి ఉందని చాటిస్తే, దాన్ని ఎత్తుకుపోవడానికే వస్తారు."

బుచ్చన్నకు అన్నం సయించలేదు. వెళ్ళి రాజుకు మొరపెట్టుకున్నాడు. "ప్రభూ, రాసుకుందాం. చాటింపు మాత్రం వద్దు. సంతకు దొంగలూ వస్తారు."

"తప్పు చెయ్యనివాడికి దాపరికం ఎందుకయ్యా?" అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ.

"ఒక్క ఇల్లు కూడా వదలొద్దంటారా?"

"చెవులు పనిచెయ్యడం లేదా? ఒక్కటి కూడా!"

సంతరోజు వచ్చింది. కోట ముందు జనం బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. సింగారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొరుగు రాజ్యపు వర్తకులు బళ్ళు ఆపుకొని వింటున్నారు. మేడ మీద రాజు ఠీవిగా నిలబడ్డాడు.

తప్పెట కొట్టే పోలయ్య పుల్ల ఎత్తి మళ్ళీ దించాడు. "మన తలలు ఉంటాయంటావా, బుచ్చన్నా?"

"ఉంటే ఉంటాయి. కొట్టు."

తప్పెట మోగింది. బుచ్చన్న గొంతెత్తాడు. "మొదట శ్రీ ప్రచండవర్మ మహారాజుగారి ఇల్లు!"

రాజు చిరునవ్వు నవ్వాడు.

"పడకగదిలో తుపాకి ఒకటి. మందు చెమ్మగిల్లింది. అంతఃపురంలో తుపాకి లేదు. పడమటి ద్వారం కాపలావాడికి ఉంది గాని, అది పేలదు. ఉత్తరపు గోడ దగ్గర..."

"ఆపరా!" రాజు కిరీటం జారిపోతుంటే పట్టుకొని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. కత్తి దూశాడు. "శత్రువులకు దారి చూపిస్తావా?"

బుచ్చన్న వెనక్కి తగ్గలేదు. "తప్పు చెయ్యని తమకు దాపరికం ఎందుకు, ప్రభూ? తమకు కోటగోడ ఉంది, కాపలా ఉంది. అయినా గుండె అదిరింది. తడికె తలుపుల వాళ్ళు ఎలా నిద్రపోవాలి?"

దూసిన కత్తి రాజు చేతిలో అలాగే ఉంది. పోలయ్య కళ్ళు మూసుకున్నాడు.

చివరికి రాజు అడిగాడు. "మరి పెళ్ళిలో పోయిన ఆ కుర్రాడి మాటేమిటి?"

"లెక్క ఉండనివ్వండి. పెట్టెలో పెట్టి ముద్ర వేయించండి. నేరం జరిగినప్పుడు పెద్దల ముందు విప్పి, ఆ నేరంతో ముడిపడ్డ ఇంటి వివరం ఒక్కటే చూడండి."

రాజు కత్తి ఒరలో పెట్టాడు. తన చేతి కంకణం తీసి బుచ్చన్నకు తొడిగాడు. "ముందు ఆ పడమటి కాపలావాడికి పేలే తుపాకి ఇప్పించు. ఇవాళే!" అని సింగారమ్మ వైపు చూశాడు. "ఆ అవ్వ అంతలా వణుకుతోందేం? ఇంతకీ ఆమె ఇంట్లో తుపాకి ఉందా?"

"ఆ ఇంట నేరమేమీ జరగలేదు కదా, ప్రభూ!"

రాజు ఒక్క క్షణం గుడ్లురిమాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకొని నవ్వాడు. సంతంతా నవ్వింది.

సింగారమ్మ మాత్రం నవ్వలేదు. పొద్దు వాలకముందే మనవరాళ్ళను చేరాలని గబగబా కొండదారి పట్టింది.