చక్రాల విల్లు, బరువులేని బాణం

నేనింతవరకూ ఏదీ రాసి ఎరగను. ఉత్తరం ముక్కైనా పక్కింటమ్మాయి చేతే రాయించుకునేదాన్ని. తప్పులుంటే నవ్వుకోండి, ఎలాగూ ఇది నవ్వుకునే కథే.

కొండవార ఒక ఇంట్లో గవరమ్మ, ఆమె మొగుడు పోలినాయుడు, మరిది సూరప్పడు ఉండేవారు. "మనింట్లో ఉన్న తెలివి ఊరంతటికీ పంచినా ఇంకా మిగుల్తుంది" అని గవరమ్మ రోజూ పొంగిపోయేది.

ఆ ఏడు వాళ్ళ మొక్కజొన్న చేను మీద అడవిపంది పడింది. పొద్దువాలేసరికి రావడం, సాలుకి సాలు నమిలి పోవడం. సగం చేను పోయింది. మిగతా సగమూ పోతే ఏడాదంతా తినడానికి గింజుండదు. ఇంట్లో ఉన్న పాత వెదురు విల్లు చూస్తే, వేసిన బాణం వేసినవాడి కాళ్ళ దగ్గరే పడేది.

"వదినా, నేను పట్నంలో టీవీలో చూశాను. ఇప్పటి విల్లులకి రెండు కొసలా చక్రాలుంటాయి. లాగడం సులువు, బాణం తూటాలా పోతుంది" అన్నాడు సూరప్పడు.

ఇంకేముంది! పోలినాయుడు ఎడ్లబండి చక్రాలు రెండూ ఊడదీసి, విల్లుకి చెరో కొసా కట్టేశాడు. ముగ్గురూ పట్టుకుని లేపబోయారు. విల్లు కదల్లేదు, పోలినాయుడి నడుం కదిలింది.

"చక్రాలున్నదాన్ని మోస్తారేటి, ఎడ్లని కట్టాలి గానీ!" అంది గవరమ్మ.

అంతే, ఎడ్లని కట్టారు. విల్లు గడగడా దొర్లుకుంటూ చేలోకి పోయింది. పోతూ పోతూ రెండు సాళ్ళ మొక్కజొన్న తొక్కేసింది.

"పందికి రెండు సాళ్ళు తగ్గాయి!" అని చప్పట్లు కొట్టాడు సూరప్పడు.

అటుగా పోతున్న ముసలి వేటగాడు అప్పన్న తాత ఆ విల్లు చూసి, నవ్వాపుకోలేక, "బాణం కూడా బాగుచేసుకోండర్రా. ఎంత తేలికైతే అంత దూరం పోతుంది" అని తన దారిన పోయాడు.

ఇంకేముంది, బాణం చెక్కడం మొదలెట్టారు. ములికి తీసేశారు. ఈకలు పీకేశారు. వేలంత లావుది చీపురుపుల్లంత అయింది.

"ఇంతకన్నా తేలిక ఎలాగ?" అన్నాడు పోలినాయుడు.

గవరమ్మ బుర్ర గోక్కుని, "అసలు బాణమే లేకపోతే?" అంది.

అన్నదమ్ములిద్దరూ ఆమె కాళ్ళకి దండం పెట్టినంత పని చేశారు. ఉత్త తాడు లాగి వదిలారు. టింగుమంది.

"ఎక్కడ పడింది మావా?" అని మొగుణ్ణి అడిగింది గవరమ్మ.

"ఎక్కడా కనబళ్ళేదే!"

"చూశావా మరి, ఎంత దూరం పోయిందో!"

పోలినాయుడు పక్కూరి దాకా పరిగెత్తి, "మా బాణం ఇటొచ్చిందా?" అని ఇంటింటా అడిగొచ్చాడు. "అక్కడా ఆగలేదే!" అన్నాడు రొప్పుతూ, మురిసిపోతూ.

పొద్దువాలింది. పంది వచ్చింది. టింగు! పంది తలెత్తి చూసి, మళ్ళీ కంకి కొరికింది.

"తగల్లేదేటి?" అంది గవరమ్మ.

"తగిలింది వదినా. బరువు లేదు కదా, దానికింకా తెలీలేదు" అన్నాడు సూరప్పడు.

ముగ్గురూ గట్టు మీద కూచుని, అదెప్పుడు పడిపోతుందా అని కళ్ళప్పగించి చూశారు. అది నాలుగు సాళ్ళు తిని, త్రేన్చి, కొండెక్కిపోయింది.

మిగిలింది ఆరంటే ఆరు సాళ్ళు. గవరమ్మ గట్టు మీదే భోరుమంది. వేట నుంచి తిరిగొస్తున్న అప్పన్న తాతకి జాలేసింది.

"ఏడవకే పిల్లా. దానికి మీ మీద పగేటి, కంకుల కోసం వస్తోంది. చేలో కంకి లేకుండా చేసుకో, ఇటు మొహమైనా చూడదు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా తాతా!" అని గవరమ్మ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు తెల్లారగానే కొంగు బిగించింది. ఆరు సాళ్ళ కంకులూ ఒక్కటి మిగల్చకుండా విరిచింది. గంపలకెత్తుకుని కొండెక్కింది. పంది పడుకునే పొద ముందు కూచుని, పొట్టు కూడా తనే వలిచి, కంకులన్నీ కుప్పపోసి వచ్చింది.

"ఇక దాన్ని మా చేలో కాలు పెట్టమను, చూస్తాను!" అంది.