అడగకుండా దాటించే పడవ

మా గురువు అచ్యుతయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మనసు ఎక్కడుంటుందని అడిగినవాణ్ణి మూడు రోజులు రెల్లు కోయమన్నారు. కోపం ఎలా పోతుందని నేను అడిగితే, బాపయ్యతో కలిసి ఒకే చాప అల్లమన్నారు. బాపయ్య సంగతి ఇక్కడ అనవసరం. నేను కూడబలుక్కుని చదువుతానని చెప్పి, మఠంలో పుస్తకం చదివే పని నా దగ్గర్నుంచి తీయించి తను పుచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్లయింది. ఆ చాప ఇప్పటికీ సగంలోనే ఉంది.

మఠమంటే గోదావరి మధ్య లంకలో రెండు తాటాకు వసారాలు, అంతే. రేవులోకి పదకొండు మెట్లు. ఒక మంగళవారం పొద్దున్నే నూకరత్నం వచ్చింది. లంక బడిలో తొంభై నలుగురు పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఎడమ మణికట్టుకి గుడ్డ చుట్టుకుని ఉంది. దణ్ణం పెట్టి, కూర్చోకుండానే అడిగింది.

"గురువుగారూ, ఫోనులో ఏ బ్రౌజరు ఉంచుకోవాలండి?"

నాకు నవ్వు వచ్చింది. గురువుగారు నవ్వలేదు. చాప అల్లుతూనే, "అదేం చేస్తుందమ్మా?" అన్నారు.

"ఫోనులోంచి ఏదన్నా చూడాలంటే దాన్ని ఎక్కే వెళ్లాలండి. ఫలానాది కావాలంటే అక్కడికి తీసుకెళ్తాది. నా ఫోనులో రెండున్నాయి. ఒకటి ఫోనుతో పాటే వచ్చింది. వేగంగా వెళ్తాది, ఒక్కనాడు ఆగలేదు. రెండోది మా బడిలో మాస్టారు పెట్టిచ్చారు. గుట్టుగా ఉంటాదంట గానీ, నెమ్మది. కొన్ని చోట్ల అసలు తెరుచుకోదు."

"మొదటిదానితో కష్టమేముంది మరి?"

ఆమె అటూ ఇటూ చూసి, మణికట్టు గుడ్డ విప్పింది. లోపల తెల్లమచ్చ. చిక్కుడు గింజంత ఉంటుంది.

"దీని గురించి చూశానండి. ఏదీ గుర్తుపెట్టుకోనని చెప్పే నల్లపేజీ ఒకటుంటాది. దాంట్లోనే చూసి, మూసేశాను. ఇంట్లో కూడా చెప్పలేదు, గంజి ఒలికిందన్నాను. ఆ సాయంత్రం మా ఆయన రొయ్యల రేటు చూద్దామని ఫోను తీస్తే, మచ్చలున్న చెయ్యి బొమ్మ, పక్కన మందు డబ్బా. మర్నాడూ అదే. ఆయన ఏదోలే అని తోసేశాడు. ఇంకోసారి తోసెయ్యడు కదండి." గుడ్డ మళ్లీ చుట్టుకుంది. "బడిలో తెలిసిందంటే నా చేతి కూడు పిల్లలకి పెట్టనివ్వరు. గరిటె లాగేసుకుంటారు. పదమూడేళ్ల నుంచి అదే నా బతుకు."

గురువుగారు ఒక వరస అల్లడం ముగించారు.

"గురువారం అవతలి ఒడ్డు ఆసుపత్రికి చర్మం డాక్టరమ్మ వస్తుంది. పన్నెండింటి దాకా కూర్చుంటుంది. వెళ్లు," అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు తోడు వెళ్లు."

"ఏ పడవ ఎక్కమంటారండి?"

"రేవులో రెండున్నాయి కదమ్మా."

నిజమే, రెండున్నాయి. ఒకటి ఏసోబు గడ వేసి నడిపే పాత పడవ. రెండోది ఆ ఏడే వచ్చిన ఇంజను పడవ. కొత్త రంగు, కూర్చోవడానికి మెత్తని బల్లలు. దాటించినందుకు పడవవాడు కేవు డబ్బులు తీసుకోడు. లంకలో సగంమంది అప్పటికే దానికి అలవాటు పడ్డారు. గురువారం పొద్దున నూకరత్నం ఆలోచించకుండా అందులోనే కాలు పెట్టింది. నేనూ ఎక్కాను.

ఆ పడవవాడి పేరు నేను అడిగాను. చెప్పాడు. బల్ల మీద కూర్చునేలోపు మరిచిపోయాను. నా జ్ఞాపకం మీద ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. మళ్లీ అడిగాను, మళ్లీ మరిచిపోయాను. మొహం కూడా అంతే. చూస్తున్నంతసేపే ఉంటుంది.

"రండి రత్నంగారూ," అన్నాడు. ఆమె ఆ పడవ ఎక్కడం అదే మొదలు. "ఎండ ఎడమ పక్కన పడుతుంది. మీరు కుడి పక్కన కూర్చోండి, చెయ్యి ఒళ్లో పెట్టుకోవచ్చు. పెద్దాయనా, మీ కుడి మోకాలు ఈ దిండుకి ఆనించుకోండి."

నా మోకాలి నొప్పి సంగతి నేను నా భార్యకే చెప్పలేదు.

పడవ కదిలింది. పట్టపగలు పదిగంటల ఎండ. గాలి లేదు. మాకన్నా ముందు ఎక్కినవాళ్లు ఐదుగురున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంజను ఎంత మెత్తగా పోతోందంటే, మా ఊపిరి మాకు వినిపించింది. పడవవాడు నది వంక ఒక్కసారి చూడలేదు. మా వంకే చూస్తూ కూర్చున్నాడు, ఒకరి తర్వాత ఒకరిని, తీరిగ్గా. పడవ మాత్రం గీత గీసినట్టు పోయింది.

ముందు భాగాన ఒక వెదురు నిలబెట్టి ఉంది. దానికి రంగురంగుల గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. మేము ఎక్కినప్పుడు ఐదు. ఏదైనా లెక్కపెట్టడం నాకు అలవాటు. నది నడిమికి వచ్చేసరికి ఏడున్నాయి. ఎవరూ లేవలేదు. పడవవాడూ లేవలేదు. కొత్తవాటిలో ఒకటి గోధుమరంగు పీలిక. దాని మధ్యలో తెల్లని మరక, చిక్కుడు గింజంత.

లంకలో మాకొక పద్ధతి ఉంది. పడవ దిగేటప్పుడు పలక మీద మన తడి కాలిముద్రని నీళ్లతో కడిగి దిగుతాం. మన దారి పడవలో ఉండిపోకూడదని పెద్దలు పెట్టారు. నూకరత్నం అవతలి రేవులో వంగి, దోసిలితో నీళ్లు తీయబోయింది. పడవవాడు చెంబు అందించాడు.

"కడగండమ్మా," అన్నాడు. "బాగా కడుక్కోండి. ఆ మడమ దగ్గర ఇంకా ఉంది."

ఆమె శ్రద్ధగా కడిగింది. మచ్చ లేకుండా కడిగి, తృప్తిగా దిగింది.

గట్టు మీద నలుగురు నిలబడి ఉన్నారు. మిగతా ఐదుగురినీ వాళ్లు చూడలేదు. నూనె సీసా పట్టుకున్న ఒక ఆడమనిషి నూకరత్నానికి ఎదురొచ్చింది. గొంతు ఎత్తలేదు. సొంత అక్కలా అంది.

"మణికట్టు దగ్గర మొదలైంది కదమ్మా? మోచేతి దాకా పాకకముందే ఇది రాయాలి."

"గంజి ఒలికింది," అంది నూకరత్నం.

"అవునమ్మా, గంజే," అంది ఆ మనిషి, నవ్వుతూ. సీసా మాత్రం వెనక్కి తీయలేదు. రెండో ఆమె పొడుగు చేతుల జాకెట్టు గుడ్డలు చూపించింది. మూడోవాడు తాయెత్తులు తీశాడు. నాలుగోవాడు నా దగ్గరకొచ్చి మోకాలికి వేసుకునే పట్టీ చేతిలో పెట్టాడు. సరిగ్గా నా కొలతే. వాణ్ణి నేను ఇంకా క్షమించలేదు.

మేము నడిస్తే వాళ్లూ నడిచారు. ఆగితే ఆగారు. తరమలేదు, ముట్టుకోలేదు. ఆసుపత్రి గేటు దగ్గర మా లంకవాళ్లు ఇద్దరు టీ తాగుతూ కనిపించారు. నూనె సీసా ఆమె అప్పటికీ మెత్తగా చెప్తూనే ఉంది, మణికట్టు, మోచెయ్యి, మెడ అని. నూకరత్నం గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగేసింది. డాక్టరమ్మని చూడలేదు. రేవులో ఉన్నది ఇంజను పడవే. అందులోనే వచ్చేశాం.

మా రేవులో అంతకుముందు ఏ అంగడీ లేదు. ఆ మధ్యాహ్నం ఒక ముసలామె మెట్ల మీద మూట విప్పుకుని కూర్చుని ఉంది. అన్నీ పొడుగు చేతుల జాకెట్టు గుడ్డలే. నూకరత్నాన్ని చూసి ఒకటి పైకెత్తింది. బడిలో గిన్నెలు కడిగే మరియమ్మ అక్కడే బట్టలు ఉతుకుతోంది.

"ఎవరికక్కా పొడుగు చేతులు, ఈ ఎండల్లో?" అంది మరియమ్మ. ఊరికే అంది. కానీ మణికట్టు గుడ్డ వంక చూస్తూ అంది.

నూకరత్నం సరాసరి గురువుగారి ముందుకొచ్చి నిలబడింది.

"అది అలాంటి పడవని మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ పంపారా?"

"నీ ఫోనులో ఉన్నదీ అలాంటిదేనని నువ్వే చెప్పావు కదమ్మా. చెప్పి కూడా దాన్నే ఎక్కావు. ఎందుకెక్కావు?"

"మునగదు కాబట్టి," అంది ఆమె. కళ్లనిండా నీళ్లు. కోపంతో వచ్చినవే. నేనైతే ఆ మాటకి గురువుతో పదేళ్లు మాట్లాడను. ఆమె మంచిది, వారం రోజులే మాట్లాడలేదు.

తర్వాతి గురువారం ఆమె ఏసోబు పడవ దగ్గరికి వెళ్లింది. ఏసోబు ముందే చెప్పాడు.

"ఎడమ పక్క పలక కారతాది చెల్లెమ్మా. తోడుతుండాలి. పెద్ద రేవుకి ఇది వెళ్లలేదు, ఆసుపత్రి వెనక చిన్న రేవుకి వేస్తాను. కేవు ఇప్పుడే ఇచ్చెయ్యాలి. సరేనంటే ఎక్కు."

"చాలా షరతులున్నాయే నీకు," అన్నాను నేను.

"చెప్పకపోతే మునిగాక తిడతారు బాబాయ్."

అతను ముందు భాగాన నిలబడి, మా వైపు వీపు పెట్టి గడ వేశాడు. ఎక్కడికని అడిగాడు గానీ ఎందుకని అడగలేదు. ఇసకతిప్పల మధ్య దారి వెతుక్కోవడంతోనే అతనికి సరిపోయింది. నూకరత్నం కొంగు దోపుకుని, గిన్నెతో నీళ్లు తోడింది. తొంభై నలుగురికి సాంబారు పోసే చెయ్యి, ఆయాసపడలేదు. రెండుసార్లు తిప్ప ఎక్కి ఆగిపోయాం. పదకొండు దాటిపోయింది. డాక్టరమ్మ వెళ్లిపోతుందేమోనని ఆమె పెదవి కొరుక్కుంటూ తోడుతూనే ఉంది.

నది నడుమ ఇంజను పడవ మమ్మల్ని దాటిపోయింది. అందులో ఎవరూ లేరు. పడవవాడు ఒక్కడే, ఖాళీ బల్లల వంక చూస్తూ కూర్చున్నాడు, ఒకదాని తర్వాత ఒకటి. మా పక్కకి రాగానే తల తిప్పకుండానే చెయ్యి ఎత్తాడు.

"మీ చోటు అలాగే ఉంచాను రత్నంగారూ."

వెదురు మీద ఒకటే పీలిక ఎగురుతోంది. గాలి లేదని మొదట్లోనే చెప్పాను. ఆ రోజూ లేదు. గోధుమరంగు, మధ్యలో తెల్లమరక. ఆ మరక ఇప్పుడు అరచేయంత ఉంది. ఆమె తన మణికట్టు చూసుకుంది. గింజంతే ఉంది. ఆ తర్వాత ఆమె మళ్లీ అటు చూడలేదు, నీళ్లు తోడింది.

పెద్ద రేవులో ఆ నలుగురూ నిలబడి ఉండటం దూరం నుంచి కనిపించింది. ఖాళీ పడవ ఒడ్డుకి చేరితే, వాళ్లు ఎదురెళ్లి, ఖాళీ బల్లకి సీసా చూపిస్తూ ఏదో చెప్తున్నారు. మేము చిన్న రేవులో దిగాం. అక్కడ రెండు గేదెలు తప్ప ఎవరూ లేరు.

పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చూసి, ఇది అంటుకునే జబ్బు కాదంది. వంటకీ దీనికీ సంబంధం లేదంది. మందు రాసింది. నూకరత్నం అడిగితే, అదే మాట వేరే కాగితం మీద రాసి ఇచ్చింది. తిరిగొచ్చేటప్పుడు కూడా రెండుసార్లు తిప్ప ఎక్కాం.

ఆ రోజే ఆమె ముందు ఇంట్లో చెప్పింది, తర్వాత హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి గుడ్డ విప్పి చూపించింది, కాగితం ఇచ్చింది. ఇంకెవరికీ చెప్పలేదు. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "రేపు కోడిగుడ్ల రోజు, తొందరగా రామ్మా," అన్నాడట. తర్వాత ఎలాగూ మాట పాకింది. అది పాకిన దారి మాకు తెలుసు. గరిటె మాత్రం ఆమె చేతిలోనే ఉంది. ముగ్గురు పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటున్నారు. వాళ్ల తండ్రుల పేర్లు నాకు గుర్తున్నాయి.

అన్నీ అయ్యాక ఆమె మఠానికి వచ్చి, ఫోను గురువుగారి ముందు పెట్టింది.

"అయితే గుట్టుగా ఉండేదే ఉంచుకోమంటారా గురువుగారూ?"

ఆయన రెల్లు తడుపుకుంటూ కూర్చున్నారు.

"ఏసోబన్న పడవ కారతాది, ఆగిపోతాది, కేవు తీసుకుంటాది," అంది ఆమె, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఆ ఇంజను పడవవాడేమో ఒక్క రోజు కేవు అడగలేదు. ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. ఆ పడవ ఎలా నడుపుతున్నాడో మరి."

గురువుగారు తలెత్తి రేవు మెట్ల మీది గుడ్డల ముసలామె వైపు చూశారు.

"వాడి అన్నం ఏ పొయ్యి మీద ఉడుకుతోందో అడగవలసింది అమ్మా, వంట చేసేదానివి."