నిండుకున్న వంటిల్లు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి రాజు ఉన్నాడు గాని, ఈ కథలో ఆయనకు పని లేదు. యుద్ధం జరిగింది కోటలో కాదు, మాణిక్యాంబ గారి వంటింట్లో.

ఆ ఇంట పూటకు ఇరవై విస్తళ్లు లేచేవి. వానలకు వాగు పొంగి, అవతలి ఒడ్డు నుంచి కూరల బండి రావడం మానేసింది. ఊళ్లో మిగిలిన నాలుగు వంకాయలూ బంగారంతో తూగుతున్నాయి. పొద్దున పప్పుచారు. రాత్రి పప్పుచారు. మర్నాడూ అదే.

పెద్దకోడలు తాయారుకు విసుగెత్తింది.

"ఈ చారులో ఈదలేక చస్తున్నాం. మా కుంపటి మేం వేరే పెట్టుకుంటాం అత్తయ్యా!" అంది. పక్కన ఆమె మగడు తలూపాడు.

మాణిక్యాంబ వడ్డిస్తున్న గరిటె ఆపేసింది. కుంపటి రెండైతే ఇల్లు రెండైనట్టే కదా!

"నేనేం చెయ్యనే? కూరలు నిండుకున్నాయి," అంది దిగులుగా.

వంటింట్లో 'లేదు' అనకూడదని మనవాళ్ల ఆచారం. కుండ ఖాళీ అయినా 'నిండుకుంది' అనాలి. చిన్నకోడలు వకుళకు ఆ సంగతి తెలియక కాదు. కానీ ఏ మాటనైనా తిరగేసి చూడందే ఆ పిల్లకు నిద్ర పట్టదు.

"నిండుకున్నాయా? ఎక్కడ నిండాయి అత్తయ్యా?"

తాయారు పకపకా నవ్వింది. "నిండుకోవడమంటే అయిపోవడమే పిచ్చిపిల్లా!"

"అయిపోతే అయిపోయిందనేవారుగా? నిండిందన్నారంటే ఎక్కడో నిండే ఉంటుంది. చూసొస్తా. అందాకా కుంపటి మాట ఎత్తకు అక్కా."

వకుళ పెరట్లోకి వెళ్లింది. నూతి పక్కన, నీళ్లు పారే చోట గంగపాయల కూర నేలంతా పరుచుకుని ఉంది. రోజూ తొక్కుకుంటూ తిరిగేదే! ఒళ్లో నింపుకొచ్చి, పులుసు పెట్టి, వేయించిన నువ్వుల పొడి చల్లింది.

"మాకు గడ్డి పెడుతున్నావటే?" అంది తాయారు.

"నీకు గడ్డి పెట్టాలంటే నా నోరు చాలదూ? ఇది కూర అక్కా, తిను."

తాయారు తిన్నది. బాగుందనలేదు. రెండోసారి మాత్రం వడ్డించుకుంది.

మర్నాడు తాయారు మగడు గెల కోసిన అరటిబోదెను దిబ్బ మీద పారేయడానికి ఈడ్చుకుపోతున్నాడు.

"ఆగండి బావగారూ! లోపలేముందో చూశారా?"

పొరలు ఒలిస్తే మధ్యలో తెల్లగా, లేతగా దూట. వకుళ చక్రాలు కోసి, పీచు వేలికి చుట్టి తీసి, మజ్జిగలో వేసి, ఆవపెట్టి కూర చేసింది.

"చెట్టునూ వదల్లేదు. రేపటి నుంచి తలుపులు దాచుకోవాలి మనం!" అన్నాడు బావగారు, విస్తరి ఊడ్చేస్తూ.

మూడోనాడు కుంభవృష్టి. వకుళ తడుస్తూ పెరడంతా గాలించింది. ఉట్టి చేతులతో తిరిగొచ్చింది.

"ఈ పూట నాకేమీ తోచలేదు అత్తయ్యా," అంది నిజాయితీగా.

మాణిక్యాంబ పెద్దకోడలి వైపు భయంగా చూసింది. తాయారు చూపు మాత్రం గుమ్మం మూలనే ఉంది. అక్కడ పిల్లలు పనస తొనలు తిని ఊసేసిన గింజలు కుప్పగా పడి ఉన్నాయి. రెండు రోజులుగా తాయారుకూ అదే దురద పట్టుకుంది: ఏది కనబడినా 'దీన్ని తినొచ్చా?' అని!

"ఇవి ఉడికితే ఎలా ఉంటాయంటావ్?" అంది మెల్లగా.

"తెలియదక్కా. ఉడికించి చూద్దామా?"

కడిగారు, ఉడికించారు, పొట్టు ఒలిచారు. తాయారే చింతపులుసు పోసి, బెల్లం ముక్క వేసి, తాలింపు పెట్టింది. ఘుమఘుమలు వీధి దాకా పోయాయి. ఇరవై విస్తళ్లలో ఒక్క గింజ మిగిలితే ఒట్టు!

"మరి మన కుంపటి సంగతి?" అని మగడు చెవిలో గొణిగాడు.

తాయారు గరిటె ఝాడించింది. "చాల్లెండి! వేరు పడితే ఎవరిని దెప్పి పొడవను, ఎవరితో పోటీ పడను? ఇద్దరి బుర్రలుంటేనే ఇరవై మందికి తోచేది. రేపటి కూర కూడా నాదే. వకుళా, విన్నావా?"

మాణిక్యాంబ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వకుళ మాత్రం అప్పుడే వాదనకు దిగింది, రేపటి వంతు ఎవరిదని.

నీతి: వెతకకుండా 'లేదు' అనడం సోమరి మాట, నలుగురూ కలిసి వెతికిన ఇంట ఏ పూటా వెలితి ఉండదు.