రెండో ఆంప్లిఫయర్

మీరేం చూశారో చెప్పండి. రిపేరు షాపు ముందు పొగ చూశారు. ఇలియాస్ తల పట్టుకుని కూలబడటం చూశారు. పాత సామాను, కాలక ఏమవుతుందనుకుని మీ దారిన పోయారు. ఆ ఆఖరిది మీరు చూసింది కాదు, అనుకున్నది. ఈ తేడా తెలియనివాళ్ళకి వేణమ్మ షాపులో కూర్చోడానికి స్టూలు కూడా దొరకదు. ఒకప్పుడు రేడియోల ఫ్యాక్టరీలో టంకం పెట్టిన మనిషి ఆమె. యాజమాన్యం గేటుకు తాళం వేస్తే తోటివాళ్ళతో పదకొండు నెలలు ఎండలో కూర్చుంది. అప్పటినుంచి కళ్ళతో చూడందే ఏదీ నమ్మదు.

ఇలియాస్ ఆమె శిష్యుడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఆటో తోలడం మానేసి ఈ పని నేర్చుకుంటున్నాడు. ఆదివారం సంతలో పాత ఇనుము ధరకి అతనికి రెండు ఆంప్లిఫయర్లు దొరికాయి. ముప్పై ఏళ్ళు ఎవరి అటక మీదో పడి ఉండి, ఒకే గోనెసంచిలో వచ్చినవి. పాటలు వినాలన్న ఆత్రంతో మొదటిదాన్ని షాపు గుమ్మంలోనే నేరుగా కరెంటుకి తగిలించాడు. నిమిషంలో దాని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అలాంటిది ఇప్పుడెవరూ తయారుచెయ్యరు.

మర్నాడు రెండోదాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాదా అమ్మా, దాని వయసుదా? ఇదీ కాలితే ఈ పని నాకు రాదని ఒప్పుకుంట. మళ్ళా ఆటోనే."

"ఆటో ఎక్కడికీ పోదు గాని, ముందు మూత తియ్యి," అంది వేణమ్మ.

బ్రష్షుతో లోపలి దుమ్మంతా దులిపించింది. ఆ తర్వాత హోల్డరు బిగించిన చెక్క ఒకటి తీసి, దానికి వంద వాట్ల బల్బు పెట్టింది. కరెంటు ముందు ఆ బల్బులోంచి పోయి, మిగిలింది ఆంప్లిఫయర్‌కి అందుతుంది. లోపల ఏదైనా చెడి ఉంటే బల్బు పూర్తిగా వెలిగి ఆ దెబ్బ తను కాస్తుంది. బాగుంటే, ఏళ్ళుగా వాడని భాగాలు మెల్లగా మేలుకునేకొద్దీ మసకబారుతుంది. రిపేరు చేసేవాళ్ళందరికీ తెలిసిన పద్ధతే. ఇలియాస్‌కీ తెలుసు.

స్విచ్ వేసింది. బల్బు భగ్గున వెలిగింది.

"పోయిందమ్మా! తీసెయ్, తీసెయ్!" ఇలియాస్ చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. వేణమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. డెబ్బై ఏళ్ళ చెయ్యి, విడిపించుకోవడం అతనివల్ల కాలేదు.

"మండేది బల్బు. నీకేం నొప్పి?"

తెలుపు పసుపుకి దిగింది. అక్కడ ఆగింది. ఇలియాస్‌కి ఆటో హ్యాండిల్ అరచేతుల్లోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది. పసుపు కదలదు. ఎంతసేపని అడగబోయి, ఆమె ముఖం చూసి మింగేశాడు. ఎప్పటికో అది నారింజకి దిగింది, చివరికి సన్నని ఎర్ర తీగ మాత్రం మిగిలింది. వేణమ్మ అలాగే గంటసేపు ఉంచింది. మధ్యమధ్య పెట్టె మీద అరచెయ్యి వేసి, జ్వరం చూసినట్టు వేడి చూసింది. అప్పుడు స్విచ్ ఆపి, బల్బు తీసేసి, వైరు నేరుగా కలిపింది.

"ఇప్పుడు నువ్వు నొక్కు."

"నువ్వే నొక్కరాదు అమ్మా."

"నాదా ఏంది అది?"

కళ్ళు మూసుకుని నొక్కాడు. పొగ రాలేదు. ఆమె షెహనాయి రికార్డు పెట్టింది. సంతలో ఎవరూ కొనని స్పీకర్లలోంచి స్వరం లేచి గదంతా నిండింది. రెండు స్వరాల నడుమ వాయించే మనిషి ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఇదే పాటని ఇలియాస్ ఫోన్లో ఎన్నోసార్లు విన్నాడు. అందులో ఆ ఊపిరి లేదు. గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఇది గట్టి పీసు అమ్మా! నిన్నటిదే నాసిది."

వేణమ్మ పాట ఆపేసింది.

"రెంటి వెనకా నంబర్లు చదువు."

కాలిపోయినదాన్ని మూలలోంచి లాగి చదివాడు. "నాలుగు వందల పన్నెండు." బల్ల మీదిదాన్ని తిప్పాడు. "నాలుగు వందల పదమూడు."

"ఒక్కనాడే పుట్టినయి," అంది ఆమె. "ముప్పై ఏళ్ళు పలకరించని మనిషి గుమ్మంల నిలబడ్డవనుకో. ఎట్ల పిలుస్తవ్?"

ఇలియాస్ బల్బు చెక్కని అందుకుని తన ముందు పెట్టుకున్నాడు. మీరైతే ఎలా పిలుస్తారు?