పుట్టింటికొచ్చిన ఉడుత

మొర్రిగుట్ట మీద ఒక అడవి ఉండేది. అందులో ఎలుగుబంటి, ఉడుత, కోడిపుంజు, కుందేలు, ఇంకా చాలా జంతువులు ఉండేవి. ఆ అడవికి దారి మాత్రం అడగకండి. ఈ కథ చెప్పేవాడు ఒకసారి దాన్ని వెతుక్కుంటూ బయలుదేరి చెరకు తోటలో తేలాడు.

ఎండాకాలంలో ఆ అడవి నిండా ఇప్పపూలు రాలేవి. వాటిని ఎండబెట్టి దాచుకుంటే వానాకాలమంతా తిండికి లోటుండదు. ఆ పని పెద్ద ఎత్తున చేయించేది ఎలుగుబంటి. అతని గుహ ముందు వెడల్పాటి బండ ఉంది. పూలు ఆరబోసేది దాని మీదే. పనివాళ్ళకి జీతం కూడా పూలే, బుట్టల లెక్కన.

అక్కడ పనిచేసే ఉడుత పేరు చారలమ్మ. ఎండ మారినప్పుడల్లా పూలు తిరగేసేది. తడివి ఏరి పక్కన పెట్టేది. మబ్బు పట్టకముందే అన్నీ గుహలోకి చేర్చేది. ఇంత చేసినా ఏడాదికి ఆమెకు దక్కేది ఒక్క బుట్ట.

చారలమ్మకి ముగ్గురు పిల్లలు. కిందటి వానాకాలం ఆ బుట్ట సగంలోనే ఖాళీ అయింది. మిగతా రోజులు చెట్టు బెరడు కొరుక్కుని గడిపారు. చిన్నవాడు అది నమలలేక ఏడ్చేవాడు.

ఈసారి అడిగి తీరాలనుకుంది. తొర్రలో పిల్లల ముందు నిలబడి, “అయ్యా, నాకు మూడు బుట్టలు కావాలి” అని గట్టిగా చెప్పి చూసుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ధైర్యంగా బయలుదేరింది. గుహ దగ్గరికి వెళ్ళేసరికి గొంతు సగమైంది.

“ఏం చెల్లెమ్మా, ఏదో అడగాలని వచ్చినట్టున్నావు?” అన్నాడు ఎలుగుబంటి.

“అదే అన్నయ్యా... మీకు వీలుంటే... జీతం సంగతి...”

“మన మధ్య జీతమేమిటమ్మా! నువ్వు మా ఇంటి ఆడపిల్లవి. నా చెల్లెలెవరంటే చారలమ్మే అని అడవంతా వినేలా చెబుతా. చెల్లెలితో ఎవరైనా బేరాలాడతారా?”

చెప్పినట్టే బండ ఎక్కి అడవంతా వినేలా అరిచాడు కూడా. ఉడుతకి కళ్ళు చెమర్చాయి. “పర్లేదులే అన్నయ్యా” అని వెనక్కి తిరిగింది. సగం దూరం వచ్చాక, తను దేనికి వెళ్ళిందో గుర్తొచ్చింది.

ఆ వారమే పుంజు కొత్తగా పనిలో చేరాడు. “నీకెంత ఇస్తానన్నాడు తమ్ముడూ?” అని అడిగింది ఉడుత.

“మూడు బుట్టలు అక్కా.”

“పూలు ఆరబెట్టడం వచ్చా నీకు?”

“రాదు, నేర్చుకుంటానన్నా. మూడిస్తే ఉంటా, లేకపోతే పక్క గుట్టకి పోతానని రొమ్ము విరుచుకుని చెప్పా. సరేనన్నాడు. మరి నీకో?”

“ఒకటి. అయితే నేను ఆయన చెల్లెల్ని కదా...” అని నసిగింది ఉడుత.

పుంజు తల పక్కకి వంచి చూశాడు. “అదేం జీతం అక్కా? ఎండబెట్టుకుని తినొచ్చా దాన్ని?”

ఉడుత పరుగున ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది. ఈసారి నసగకుండా అడిగింది. ఎలుగుబంటి నవ్వాడు. “వాడు బయటివాడు చెల్లెమ్మా, ఇవ్వకపోతే పోతాడు. నువ్వెక్కడికి పోతావు? ఇంటి ఆడపిల్లవి.”

ఉడుత తొర్రకి వచ్చి తోక చుట్టుకుని ఆలోచించింది. మర్నాడు పొద్దున్నే పిల్లలకి తలలు దువ్వి, వెంటబెట్టుకుని బయలుదేరింది. బండ దగ్గర ఆగలేదు. పూల వంక చూడలేదు. నేరుగా గుహలోకి వెళ్ళి, నట్టింట్లో కూర్చుంది.

“అన్నయ్యా, పుట్టింటికొచ్చా. వదినేది?”

ఇన్నాళ్ళూ “మీరు” అన్న ఉడుత ఆ రోజు “నువ్వు” మొదలుపెట్టింది. “నువ్వేమిటి, అలా నిలబడ్డావు? పిల్లలకి ఏదైనా పెట్టు.”

“మరి పనో?” అన్నాడు ఎలుగుబంటి.

“పుట్టింటికొచ్చిన ఆడపిల్ల చేత పని చేయిస్తావా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?”

అంతలో ఎలుగుబంటి భార్య వచ్చింది. చెల్లెలని మొగుడే అడవంతా చాటాక ఆమె మాత్రం ఏంచేస్తుంది? చాప పరిచింది. తేనె తెచ్చింది. పిల్లలు ఎలుగుబంటి వీపు మీదికెక్కి, “మావయ్యా, ఇంకొంచెం తేనె!” అని బొచ్చు పట్టుకుని లాగారు. చిన్నవాడు ముక్కులో తోక పెట్టి తిప్పాడు. మావయ్య తుమ్మాడు.

ఆ రోజు గడిచింది, మరో రోజూ గడిచింది. ఉడుత కదల్లేదు. “ఎన్నాళ్ళుంటుందండీ మీ చెల్లెలు?” అని భార్య మెల్లగా అడిగింది. “వెళ్ళేటప్పుడు చీర పెట్టాలి కదా” అని కూడా గుర్తు చేసింది. ఎలుగుబంటి తేనె కుండలోకి తొంగి చూసి నిట్టూర్చాడు.

బయట పూల పని పుంజు ఒక్కడిదే అయింది. వాడికి తెలిసిన పని గీరడం. గీరి గీరి బండ మీది పూలన్నీ చిందరవందర చేశాడు. మబ్బు కమ్ముకొచ్చింది. పుంజు రొమ్ము విరుచుకుని మబ్బు వైపు చూసి కూశాడు. మబ్బు వెళ్ళలేదు. వాన కురిసింది. తడిసినవీ ఎండినవీ కలిపి గుహలోకి తోసేశాడు.

రెండు రోజుల్లో కుప్ప పులిసింది. గుప్పున వాసనొచ్చింది. బాగున్నాయో లేదో చూద్దామని ఎలుగుబంటి ఒక గుప్పెడు తిన్నాడు. అనుమానం తీరక మరో గుప్పెడు తిన్నాడు. కాసేపటికి చెట్టుని పట్టుకుని, “అడవి ఎందుకు తిరుగుతోంది?” అని దాన్నే అడిగాడు.

మత్తు దిగాక లెక్క చూసుకుంటే సగం పూలు పోయాయి. పూలు రాలేది ఇంకా కొన్నాళ్ళే. తలకి చల్లటి ఆకు చుట్టుకుని ఉడుత ముందు కూర్చున్నాడు.

“తప్పు ఒప్పుకుంటున్నానమ్మా. ఇంక నిన్ను చెల్లెమ్మా అనను. పనిలోకి రా.”

“అనండి, దానికేం, వినడానికి బాగానే ఉంటుంది” అంది ఉడుత. మళ్ళీ “మీరు”కి వచ్చేసింది. “పిలుపు పిలవండి. జీతం కూడా ఇవ్వండి. నాలుగు బుట్టలు.”

“నాలుగా? పుంజుకే మూడు కదా!”

“ఆ మూడూ నాకూ ఇవ్వాలి. వాడు చిందరవందర చేసింది ఏరడానికి ఇంకొకటి. కుదరదంటే చెప్పండి, పక్క గుట్ట మీదా ఇప్పచెట్లున్నాయట.”

ఎలుగుబంటి తల గోక్కున్నాడు. భార్య లోపల్నుంచి, “ఒప్పేసుకోండి, చీర కంటే చవక!” అంది. ఎలుగుబంటి ఒప్పేసుకున్నాడు. ఉడుత లేచి, బండ ఎక్కి, ముందు పుంజుకి తడి పువ్వంటే ఏమిటో చూపించింది.

ఆ వానాకాలం తొర్ర బయట జోరున వాన. లోపల ముగ్గురు పిల్లలూ పూలు నములుతూ కూర్చున్నారు. బెరడు జోలికి ఎవరూ పోలేదు. “అమ్మా, మావయ్య ఇంటికి మళ్ళీ ఎప్పుడు?” అని అడిగాడు చిన్నవాడు.

“పండక్కి. పండక్కి మాత్రమే” అంది ఉడుత.

మరుసటి ఎండాకాలం కుందేలు పనికోసం ఎలుగుబంటి దగ్గరికి వచ్చింది. “అన్నయ్యా...” అంటూ నోరు తెరిచిందో లేదో, ఎలుగుబంటి ఉలిక్కిపడి లేచాడు.

“అన్నయ్య సంగతి తర్వాతమ్మా! ముందు జీతమెంత కావాలో చెప్పు.”

నీతి: ఆప్యాయంగా పిలిస్తే పలుకు, కానీ చేసిన పనికి జీతం నోరు తెరిచి అడుగు.